నాస్తికుడనిపించుకొన్న ఆస్తికుడు

నాస్తికశబ్దమునకు మనలో రెండర్థములు గలవు. దేవుడు లేడనువాడు నాస్తికుడని లోకము తలచును. మనువు మాత్రము వేదమును నిందించువానికే ఆ పేరు పెట్టినాడు. అందుచేతనే జగత్కర్తయగు ఈశ్వరుని అంగీకరింపని సాంఖ్యులును పూర్వమీమాంసకులును, వేదప్రామాణ్యమును ఒప్పుకొనుటవలన, ఆస్తికుల పంక్తిలో కూర్చుండగలిగిరి. దేవుని విడిచినను దోషము లేదు, గ్రంథమును విడువరాదన్నమాట. ఈ వింత మన దేశమునకే పరిమితమని కొందరనుకొందురు. అట్లు కాదు. దేవుడొక్కడున్నాడని దృఢముగా నమ్మి, ఆ నమ్మకమును కాపాడుటకే పుస్తకము వ్రాసి, ఆ పుస్తకము మూలముననే నాస్తికుడని రెండు ఖండములలో తిట్లుతిన్న యొక ఆంగ్లేయుని చరిత్రను మేమిచట చెప్పదలచినాము.

అతడు థామస్ పేను. ఇంగ్లండులో థెట్‌ఫర్డను చిన్న పట్టణమున 1737లో పుట్టెను. తండ్రి స్త్రీలు నడుమునకు బిగించుకొను కట్టుబట్టలు కుట్టి జీవించువాడు, మతమున క్వేకరు. తల్లి ఇంగ్లండు ప్రభుత్వ చర్చికి చెందినది. క్వేకర్లకు పురోహితుడు లేడు, జ్ఞానస్నానము లేదు. కూటమిలో మౌనముగా కూర్చుండి, అంతరంగమున ప్రేరణ కలిగినవాడు లేచి మాటలాడును. ఈ పెంపకపు జాడ పేను వ్రాతలన్నిటను గలదని మా తలంపు. తండ్రి వృత్తి నేర్చి, పన్నుల కొలువు చేసి, దానినుండి తొలగింపబడి, 1774లో బెంజమిన్ ఫ్రాంక్లిను ఇచ్చిన ఉత్తరముతో అతడు అమెరికా చేరెను. 1776 జనవరిలో అతడు ప్రకటించిన ‘కామన్ సెన్స్’ అను చిన్న పుస్తకము ఆ దేశస్థులను స్వాతంత్ర్యమునకు పురికొల్పిన సంగతి చదువరులెరిగినదే. పిమ్మట ఇంగ్లండునకు మరలి ‘మానవ హక్కులు’ వ్రాయగా ప్రభుత్వము రాజద్రోహపు వ్రాతల నేరము మోపెను. 1792లో ఫ్రాన్సునకు దాటిపోయెను. ఫ్రెంచివారు అప్పటికే తమ జాతీయసభకతనిని ఎన్నుకొనియుండిరి. ఫ్రెంచిభాష సరిగా రాని ఫ్రెంచి శాసనసభ్యుడు! అతని ఉపన్యాసములను వేరొకరు అనువదించి చదువవలసి వచ్చెడిది.

ఆ సభలో అతడు చేసిన పని యొకటి మరువరానిది. రాజరికమును జీవితమంతయు ద్వేషించిన యీ మనుష్యుడు, పదవీచ్యుతుడైన పదునారవ లూయీని చంపవలదనియు, అమెరికాకు పంపివేయుడనియు వాదించెను. వాదము నెగ్గలేదు. ఉగ్రపక్షమువారికి మాత్రము అతడు నాటినుండి కంటగింపయ్యెను.

1793 నవంబరులో పారిసులోని నోత్రదాము చర్చిలో బుద్ధిదేవత కుత్సవము జరిగెను. చర్చిలు మూతపడెను, మతగురువులు తమ పదవులను విడువవలసివచ్చెను. పేను దీనిని చూచి సంతోషించి యుండునని మనకు తోచవచ్చును. అతడు కలత చెందెను. పురోహితుల యాధిపత్యము పోయినందుకు కాదు. దానితోడనే దైవభావనయు నీతియు దయయు కూడ కొట్టుకొనిపోవునేమోయని. దాదాపు పదేండ్లకు పిమ్మట శామ్యూల్ ఆడమ్సు కిచ్చిన ప్రత్యుత్తరములో ఈ మాట అతడే చెప్పుకొన్నాడు: ఫ్రెంచి జనులు నాస్తికత్వములోనికి పరువిడుచుండగా, వారి నాపుటకే తన గ్రంథమును వారి భాషలోనికి మార్పించి ప్రకటించితినని. ఆ గ్రంథమే ‘హేతుయుగము’. మొదటి భాగము ముగించిన కొన్ని గంటలకే, 1793 డిసెంబరు 28వ తేదీన, భటులు వచ్చి అతనిని పట్టుకొనిరి. దారిలో మిత్రుడు జోయెల్ బార్లో చేతిలో వ్రాతప్రతి నుంచి, అతడు లక్సెంబర్గు చెరసాలకు పోయెను. పూర్వమది రాజభవనము. అందు పదినెలలకు పైగా మ్రగ్గెను. మరణశిక్షకు గుర్తుగా తలుపుమీద సుద్దతో గీతగీయువాడు, తలుపు వెలుపలికి తెరచియుండగా లోపలి వైపున గీసిపోయెననియు, రాత్రి తలుపు మూయగానే గుర్తు లోపల దాగెననియు, అందువలన తాను బ్రదికితిననియు పేను వ్రాసికొన్నాడు. 1794 నవంబరులో అమెరికా రాయబారి జేమ్సు మన్రో అతనిని విడిపించెను.

ఇంతకు ఆ పుస్తకములో నేమున్నది? దేవుడొక్కడే, ఈ జీవితమునకు తరువాత సుఖమున్నదని ఆశించుచున్నాను, మనుష్యులందరు సమానులు, న్యాయము చేయుట, కనికరము చూపుట, తోడివారిని సుఖపెట్టుట—ఇవియే మతధర్మములు. అతని విశ్వాసమింతే. ఏ చర్చి సిద్ధాంతమును తాను నమ్మననియు, తన మనస్సే తనకు చర్చియనియు అతని భావము. ఏసు సుగుణవంతుడనియు, అతని నీతిబోధ కరుణామయమనియు ఒప్పుకొనెను. దేవుని కుమారుడను మాటను, అద్భుతములను మాత్రము త్రోసివేసెను.

అతని వాదములలో మాకు మిక్కిలి నచ్చినది దివ్యప్రకటనమును గూర్చినది. దేవుడొకనితో స్వయముగా మాటలాడెననుకొందము. వానికది ప్రత్యక్షము. వాడు రెండవవానికి చెప్పెను, రెండవవాడు మూడవవానికి చెప్పెను. వీరికది వినికిడియే. కనుక నమ్మవలసిన విధి మొదటివానికే గాని తక్కినవారికి లేదు. మన తార్కికులు శబ్దప్రమాణమును ఆప్తవాక్యమని నిర్వచించిరి. ఆప్తుడెవడు, అతని మాట మన చెవికి చేరులోపల చెడకుండునా, యని పేను ప్రశ్న. మీమాంసకులు వేదమునకు కర్తయే లేడని చెప్పి, యీ చిక్కును ముందుగానే దాటుకొనిరి. వారితో వాదించు భాగ్యము పేనుకు లభింపలేదు!

మరి అతనికి వేదమేది? సృష్టియే. ఆ గ్రంథము ఏ యొక్క భాషలోను లేదు గనుక అనువాదదోషము లేదు. ఎవడును దానిని దాచలేడు, దిద్దలేడు, తగులబెట్టలేడు. యౌవనమున లండనులో ఖగోళశాస్త్రోపన్యాసములు వినిన మనుష్యుడతడు. నక్షత్రములన్నియు సూర్యులైనచో, వాని చుట్టును లోకములు తిరుగుచుండవచ్చును. అన్ని లోకములుండగా రక్షకుడు ఈ చిన్న భూగోళమునకే వచ్చి యేల చనిపోవలె నని యడుగును.

ఇచట మేమొక మాట చెప్పక తప్పదు. మొదటి భాగము వ్రాయునపుడు అతని యొద్ద బైబిలు లేదు. పిదప దానిని సంపాదించి, 1795లో ప్రకటించిన రెండవ భాగమున ఒక్కొక్క కాండమును విప్పి పరిహసించెను. తర్కము పదునైనదే, కాని కోట్ల జనులు కన్నీటితో చదువుకొను గ్రంథమును గూర్చి ఆ వెక్కిరింత అనావశ్యకము. మరియు సృష్టినుండి తీసిన వాదమును నేడు అంత సులువుగా అంగీకరింపజాలము. 1755లో లిస్బను నగరమును భూకంపము నేలమట్టము చేసినది. అదియు ఆ సృష్టిగ్రంథములోని పుటయే గదా! 1859లో డార్విను పుస్తకము వెలువడిన తరువాత, జీవులలోని యమరికను చూపి కర్తను నిరూపించుట మరింత కష్టమైనది. పేను దేవుడు గొప్ప యంత్రకారుడు, మెచ్చుకొనదగినవాడు. కాని అదే కాలమున తిరువయ్యారులో కూర్చుండి తన రామునితో అలిగి, బ్రతిమాలి, నిష్ఠూరములాడిన త్యాగయ్యకు ఈ దేవునితో పొద్దుగడవదు. ఎవరితోడను పనిలేని విశ్వాసమున వెలుతురుండును గాని వెచ్చదనము తక్కువ.

ఇంగ్లండులో ఆ పుస్తకమును బిషపు వాట్సను 1796లో గ్రంథముతోనే ఖండించెను, అది మర్యాద. మరికొందరు న్యాయస్థానముల మార్గము త్రొక్కిరి. 1797లో థామస్ విలియమ్సను పుస్తకవిక్రేతను శిక్షింపజేసిరి. అతనికి ప్రతికూలముగా వాదించినవాడు ఎర్‌స్కిను. 1792లో ‘మానవ హక్కుల’ వ్యాజ్యమున పేను పక్షమున వాదించి, ఆ కారణమున కొలువు పోగొట్టుకొన్నవాడును ఇతడే. రాజ్యమును విమర్శించు స్వేచ్ఛ కొరకు నష్టపడిన మనుష్యుడే బైబిలు దగ్గరకు వచ్చునప్పటికి ఎదుటి పక్షమున నిలిచెను. మన సంస్కర్తలలోను ఇట్టి గీతలు గీసికొన్నవారు లేకపోలేదు. 1819లో రిచర్డు కార్లైలు ఆ పుస్తకమునే తిరిగి అచ్చువేసినందుకు చెరసాలకు పోయి, ఆరేండ్లకు గాని వెలికి రాలేదు. అంగడి నడుపుచుండిన భార్యను, చెల్లెలిని కూడ ఖైదుచేసిరి. ఒకరి తరువాత నొకరు పనివారు వచ్చి అంగడిలో నిలుచుండి, చెరకు పోవుచుండిరి.

1802లో పేను అమెరికాకు మరలి వచ్చెను. ‘కామన్ సెన్స్’ అను పేరు సూచించిన పాతమిత్రుడు డాక్టరు బెంజమిన్ రష్షు, హేతుయుగములోని భావములు తనకు దుస్సహములని, అతనిని చూడనేలేదు. ట్రెంటను పట్టణమున బండివాడు ఎక్కించుకొనుటకు నిరాకరించెను. దేశసేవకు బహుమానముగా లభించిన న్యూరషెల్ పొలములో నివసించుచుండగా, 1806లో అచటి యధికారులు అతడు అమెరికా పౌరుడే కాడని వోటు నిరాకరించిరి. వెలి యన నేమో తెలిసిన మన చదువరులకు దీనిని వివరింపనక్కరలేదు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన ప్రథమ వితంతువివాహమునకు పోయినవారు ఎట్టి బహిష్కారమునకు గురియైరో మన పెద్దలవలన విన్నాము. ఒక్క భేదము గలదు. పంతులుగారికి సమాజముండెను, భార్య రాజ్యలక్ష్మమ్మ గారి తోడుండెను, శిష్యులుండిరి. పేనుకు చర్చి వెలుపల మరియొక యిల్లు లేకపోయెను.

అట్టి యిల్లు కట్టవలెనను యత్నము జరుగకపోలేదు. 1797లో పారిసులో దైవమానవప్రేమికులను పేర కొందరు సమాజము స్థాపించిరి. పురోహితుడు లేడు, పూలు, పండ్లు వేదికపై నుంచి, కీర్తనలు పాడి, నీతిని బోధించుకొనెడివారు. పేను అందు నాస్తికత్వమునకు విరుద్ధముగా ప్రసంగించెను. 1801లో నెపోలియను పోపుతో సంధి చేసికొని, ఆ సమాజమును మూయించెను. రాజాజ్ఞకే అంత త్వరగా ఆరిపోయినదనిన, వేరు లోతుగా దిగియుండలేదని మేమనుకొందుము. అందరికిని ఇష్టమైన సిద్ధాంతము ఎవరికిని ప్రాణమిచ్చునంతటి దగ్గరది కాకపోవచ్చును.

1809 జూను 8వ తేదీన పేను న్యూయార్కులో మరణించెను. అంత్యకాలమున వైద్యుడు ఏసును దేవుని కుమారునిగా నమ్మెదవా యని యడుగగా, ఆ విషయమున నమ్మవలెనను కోరిక తనకు లేదనెను. తండ్రి మతమువారి శ్మశానమున చోటిమ్మని కోరియుండెను, క్వేకర్లు ఇయ్యరైరి. పొలములోనే పూడ్చిరి. వెంట పోయినవారు కొద్దిమంది: తనకు పారిసులో ఆశ్రయమిచ్చిన బొనవిల్ కుటుంబపు స్త్రీ, ఆమె బిడ్డ, ఒక క్వేకరు, ఇద్దరు నీగ్రోలు. పదేండ్లకు విలియమ్ కాబెట్టు, గొప్ప స్మారకము కట్టింతునని, ఎముకలను త్రవ్వి ఇంగ్లండునకు కొనిపోయెను. స్మారకము లేవలేదు; 1835లో కాబెట్టు చనిపోగా ఆ యెముకలు చేతులు మారి అడ్రసులేకుండ పోయినవి. 1888లో సైతము, పిదప అధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్టు, ఒక గ్రంథమున పేనును నీచనాస్తికుడని నిందించెను.

పుస్తకము మాత్రము ఓడలెక్కి మనదేశము చేరెను. 1830 ప్రాంతమున అమెరికానుండి వచ్చిన ప్రతులు కలకత్తా హిందూకళాశాల విద్యార్థులలో ఎగబడి అమ్ముడుపోయి, వెల కొన్ని రెట్లు పెరిగెనని మిషనరీ అలెగ్జాండరు డఫ్ దొర మిక్కిలి చింతతో వ్రాసినాడు. ఆ పిల్లలకు గురువైన డిరోజియో 1831లో ఉద్యోగము పోగొట్టుకొని, ఆ యేటనే, ఇరువదిమూడేండ్లు నిండకుండ, చనిపోయెను. అతని కూటమివారిలో కృష్ణమోహన బెనర్జీ 1832లో డఫ్ దొర చేతనే జ్ఞానస్నానము పొందెను. ఆ కూటమిలోనివాడే రామతను లాహిరి; బడిపంతులు; ఇతడు చర్చిలో చేరలేదు. 1851లో జందెము తీసివైచి, సంఘపు వెలిని సహించి, బ్రాహ్మసమాజమువారితో స్నేహముగా మెలగుచు, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు 1898వరకు జీవించెను.