అరంగుళపు మర

వానకాలమునకు ముందు, మేడమీదినుండి దిగు నీటిని వడియగట్టుటకై మేమొక పీపాను ఇంటనే సిద్ధపరచుకొంటిమి. అడుగున గులకరాళ్లు, వానిపై బొగ్గు, ఆపైన ఇసుక, ఇంతవరకు చిక్కులేదు. క్రింద బిగింపవలసిన ఇత్తడి కుళాయిని మా బంధువొకరు అమెరికానుండి తెచ్చియిచ్చిరి. అదియు అరంగుళపుదే, మా సాకెట్టును అరంగుళపుదే. అయినను రెండు మూడు చుట్లు తిరిగి కుళాయి మొరాయించినది. మేము తొందరపడి టేపు దట్టముగా చుట్టి, బలవంతముగా బిగించితిమి. తెల్లవారునప్పటికి పీపా సగము ఖాళీయై, వంటయింటి గడప తడిసియుండెను.

కొలిచి చూడగా అంగుళమునకు దానికిని 14 చుట్లే, దీనికిని 14 చుట్లే. లోపమెక్కడనో తెలియక ఆ కుళాయిని సంచిలో వేసికొని సికిందరాబాదు రాణీగంజునకు పోతిమి. ఒక దుకాణదారుడు మరలను కొలుచు సన్నని రేకులలో నొకదానిని దాని చుట్లపై నానించి, వెలుతురున కెదురుగా పట్టి, "అయ్యా, ఇది మన మర కాదండీ. దీని పళ్ల కోణము వేరు; అమెరికా మర" అని చెప్పెను.

నిజమునకు ఆయన మనదనిన మరయు మనది కాదు. అది ఇంగ్లండులోని స్టాక్‌పోర్టున 1803లో జన్మించిన జోసెఫ్ విట్‌వర్తుది. ఆయనకు పూర్వము ఆ దేశమున ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోటి మరమేకునకు మరియొకచోటి నట్టు పట్టెడిది కాదు. నట్టు పోయినచో యంత్రమును చేసినవాని యింటికే మరల పోవలయును. లండనులో హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పని నేర్చిన విట్‌వర్తు, పెక్కు కార్ఖానాల మరమేకులను సేకరించి కొలిచి, 1841లో ఇంజనీర్ల సంఘము నెదుట ఒక ఏర్పాటును ప్రతిపాదించెను. ఇందు మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది ఒక్కటి: ఏ ఒక్కరి మరను ఉత్తమమని నిర్ణయింపక, ఆయన అన్నిటి సగటును తీసికొనెను. ఆ విధమున పళ్ల కోణము 55 డిగ్రీలైనది. తాతలనాటి మరను విడువజాలమని పట్టుపట్టువారికి ఇంతకంటె మర్యాదగల మార్గమును ఎవరు చూపగలరు?

అమెరికావారు వేరుదారి పట్టిరి. 1864లో ఫిలడెల్ఫియా నగరమున విలియం సెల్లర్సు, సామాన్యపు పనివాడు సైతము సులభముగా చేయదగినదని 60 డిగ్రీల కోణమును ప్రతిపాదించెను. గొట్టముల మరలకు రాబర్టు బ్రిగ్సు ఏర్పరచిన కొలతలు 1886లో అచటి యంత్రశిల్పుల సంఘమున ఆమోదము పొందినవి. వీని కోణమును 60 డిగ్రీలే. అరంగుళపు గొట్టమున రెండుదేశముల చుట్ల లెక్క సరిపోవుటచేతనే మోసము కలుగుచున్నది. ఒక అంగుళపు గొట్టమైనచో మనకు 11, వారికి పదునొకటిన్నర, కావున వెంటనే తెలిసిపోవును.

ఆంగ్లేయుల పాలనలో వచ్చిన మర మనయింట నిలిచిపోయినది. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చినను, గొట్టముల దుకాణమున నేటికిని అంగుళముల మాటయే. అందును ఒక వింత గలదు. అంగుళమున సగము 12.7 మిల్లీమీటర్లు గదా. అరంగుళపు ఇనుపగొట్టమును వెలుపల కొలిచినచో ఇంచుమించు 21 మిల్లీమీటర్లుండును. పూర్వము లోపలి రంధ్రమునుబట్టి పేరు పెట్టిరి. తరువాత గోడలు పలుచబడి రంధ్రము పెరిగినను, మరలు చెడకుండుటకై వెలుపలి కొలతను మార్చలేదు. అందుచే కొలబద్దతో కొలిచి దుకాణమునకు పోవు గృహస్థు అంగుళపు గొట్టము తెచ్చుకొనును. మేము నొకమారు తెచ్చుకొంటిమి.

మాయింట గడప తడిసినదంతే; బాల్టిమోరులో నగరమే కాలినది. 1904 ఫిబ్రవరి 7వ తేదీన అచట అగ్ని చెలరేగగా, వాషింగ్టను మొదలగు నగరములనుండి అగ్నియంత్రములు రైళ్లమీద వచ్చినవి. మనుష్యులు వచ్చిరి, గొట్టములు వచ్చినవి, వీధిలో నీరును గలదు. కాని చాలమంది గొట్టముల మరలు ఆ నగరపు నీటికుళాయిలకు పట్టలేదు. 1,500కు పైగా కట్టడములు భస్మమయ్యెను. మరుసటి సంవత్సరమే అగ్నినివారణ సంఘమువారు రెండున్నర అంగుళముల గొట్టమునకు అంగుళమునకు ఏడున్నర చుట్లని నిర్ణయించిరి. నిర్ణయించుట వేరు, అవలంబించుట వేరు. 1991లో ఓక్లండు కొండలలో 25 మందిని బలిగొన్న దావానలమునాడు, సాయము వచ్చినవారి రెండున్నర అంగుళముల గొట్టములు ఆ నగరపు మూడంగుళముల కుళాయిలకు నేరుగా అమరలేదు.

మా కుళాయికి మందు ఆ దుకాణముననే దొరకినది. విదేశపు యంత్రములు గల కార్ఖానాలకై వారు ఒక ఇత్తడి జోడింపుతునకను ఉంచుదురు. దానికొకవైపున అమెరికా మర, రెండవవైపున విట్‌వర్తు మర. తెచ్చి బిగించితిమి. ఈసారి టేపు మూడుచుట్లకంటె పట్టలేదు.