రథమునకు లేని నమూనా నౌకకేల?

బస్తరు జిల్లాకు ముఖ్యస్థానమైన జగదల్‌పూరు సముద్రమునకు బహుదూరమున, అడవుల నడుమ, ఇంద్రావతీ తీరమున నున్నది. ఆ నదియు పట్టణమునకు పడమట సుమారు 38 కిలోమీటర్లు పోవునప్పటికి చిత్రకోట కడ తొంబది అడుగులకు పైబడిన ఎత్తునుండి ఒక్కసారిగ క్రిందికి దుముకును. కనుక ఇచ్చట పడవ యెక్కి కడలి చేరుదమను ఊహకు తావు లేదు. ఇట్టి ఊరిలో యుద్ధనౌకల ప్రసంగము అసందర్భమని తోచవచ్చును. కాని ఏటేట ఈ ఊరి నడివీధిలో జరుగు ఒక కొయ్యపని ఆ ప్రసంగమునకు చక్కని ఉపోద్ఘాతము కాగలదు.

బస్తరు దసరా డెబ్బదియైదు దినముల పండుగ. ఇందు రావణదహనము లేదు. దంతేశ్వరీదేవి ఛత్రమును రథముపై నుంచి ఊరేగించుటయే ప్రధానము. హరేలీ అమావాస్యనాడు, అనగా తెలుగువారి లెక్కకు ఆషాఢ బహుళ అమావాస్యనాడు, అడవినుండి తెచ్చిన కొయ్యకు పూజ జరుగును. పిమ్మట బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామముల వడ్రంగులు వచ్చి రథము కట్టుదురు. తండ్రి చేయగా కొడుకు చూచి నేర్చినదే వారి శాస్త్రము. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు ఐతిహ్యము. ఆ వంశీయుడగు పురుషోత్తమదేవుడు పదునైదవ శతాబ్దమున పూరీ యాత్ర చేసి, జగన్నాథుని అనుగ్రహముగ రథాధికారము పొంది వచ్చెననియు, పండ్రెండు చక్రముల రథము లాగుటకు దుర్భరము కాగా దానిని నాలుగు చక్రముల రథముగను, ఎనిమిది చక్రముల రథముగను విడదీసిరనియు పెద్దలు చెప్పుదురు.

ఈ కథలో ఒక గొప్ప విషయమున్నది. పండ్రెండు చక్రముల రథము పనికిరాదని తెలిసినది దానిని కట్టిన పిమ్మటనే. తెలిసినను నష్టము లేదు. మరుసటి యేడు మార్చుకొనవచ్చును. ఇరుసు బిగిసినను, చక్రము ఒరిగినను ఆ పాఠము వచ్చే యేటి రథమునకు పనికివచ్చును. ఈ యేటి రథమే వచ్చే యేటి రథమునకు నమూనా. అందుచేతనే రథకారులకు వేరు నమూనాతో పనిలేదు.

పూర్వము తెలుగుతీరపు ఓడపనియు చాలవరకు ఇట్లే సాగినది. శాతవాహనుల సీసపు నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మ కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో అభయశాసనము వేయించి, తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజభటులు పట్టుకొనరాదని కట్టడి చేసెను. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి ఓడల నిర్మాణమునకు, మరమ్మతుకు ప్రసిద్ధి కెక్కి, 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనకు నేలమట్టమైనది. ఈ రేవులలోని కొయ్య ఓడలు ఒకదానివలె ఒకటి పుట్టినవి. తప్పు దిద్దుకొనుటకు ఒక తరము పట్టినను, ఓడ రూపు మెల్లమెల్లగ మారుటవలన పెద్ద ప్రమాదము లేకుండెను. రాజు ఒక్కసారిగ మున్నెన్నడు లేనంత పెద్ద ఓడ, మున్నెన్నడు లేనన్ని ఫిరంగులతో, యుద్ధమునకు వేళ మించకుండ కావలెనని ఆజ్ఞాపించినప్పుడే చిక్కు వచ్చినది.

స్వీడను దేశపు రాజు గుస్తావ్ అడాల్ఫ్ పోలండుతో పోరాడుచున్న కాలమున 64 ఫిరంగుల ‘వాసా’ నౌకను కట్టించెను. పనిని నడిపిన ప్రధానశిల్పి హెన్రిక్ హైబర్ట్‌సన్ నౌక పూర్తి కాకమునుపే, 1627లో, మరణించెను. బయలుదేరుటకు ముందు నౌక నిలుకడ తెలిసికొనుటకై ముప్పదిమంది నావికులను పైతట్టుపై ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించిరి. మూడవ పరుగునకే నౌక ప్రమాదకరముగ ఊగుట చూచి నౌకాధిపతి ఆ పరీక్షను ఆపించెను. నౌకను మాత్రము ఆపలేదు. 1628 ఆగస్టు 10వ తేదీన స్టాక్‌హోమ్ రేవునుండి కదలిన వాసా సుమారు 1,300 మీటర్లు పోయి, చిరుగాలికే ఒరిగి, తెరచియున్న ఫిరంగి కిటికీలగుండ నీరు చొచ్చి మునిగిపోయినది. సుమారు ముప్పదిమంది మరణించిరి. పైబరువునకు తగిన వెడల్పు, అడుగుబరువు లేకపోవుటయే కారణము. 1961లో పైకి తీయబడిన ఆ నౌక నేడు ప్రదర్శనశాలలో నున్నది. దాని దగ్గరనే పదవవంతు ప్రమాణమున రంగులతో చేసిన నమూనా కలదు. ఆ చిన్నది ముందు పుట్టి పెద్దది వెనుక పుట్టియుండిన, కథ మరొక విధముగ నుండెడిదేమో!

ఐతే నమూనా యున్నంత మాత్రమున చాలదు. పదునేడవ శతాబ్దపు నడిమి కాలమునుండి ఆంగ్లేయ నౌకాశాఖవారు అడుగునకు పావు అంగుళము లెక్కను, అనగా 48వ వంతు ప్రమాణమున, అందమైన నమూనాలు చేయించిరి. అవి కంటికి విందు. కొయ్యపని సొగసు, చెక్కడముల తీరు వానిలో తెలియును. నౌక నీటిలో ఎట్లు నడుచునో మాత్రము అవి చెప్పలేవు. అవి చూచుటకు చేసినవి, అడుగుటకు చేసినవి కావు.

నీటిని అడుగవలసిన ఆవశ్యకతను 1870వ సంవత్సరము విషాదముగ చాటినది. కౌపర్ కోల్స్ అను నౌకాధికారి తాను కనిపెట్టిన తిరుగుడు ఫిరంగి గోపురములతో, నిండు తెరచాపలతో ‘కాప్టెన్’ అను ఇనుపకవచపు యుద్ధనౌకను రూపొందించెను. నీటికి పైన ఎనిమిది అడుగులుండవలసిన దాని ప్రక్కల ఎత్తు, కట్టుటలో బరువు పెరుగుటచేత, సుమారు ఆరున్నర అడుగులే అయినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీ రాత్రి గడచి 7వ తేదీ ప్రవేశించు వేళ, స్పెయిను తీరమునకు దాపున వీచిన గాలివానలో నౌక తలక్రిందులైనది. కోల్స్‌తో గూడ సుమారు 480 మంది జలసమాధి యైరి.

అదే సంవత్సరము ఫిబ్రవరిలో నౌకాశాఖవారు వేరొక చిన్న పనికి రెండువేల పౌనులు మంజూరు చేసియుండిరి. అది టార్కీ పట్టణమున నమూనా నౌకలను లాగి చూచుటకు ఒక నీటితొట్టి కట్టు పని. దానిని కోరినవాడు విలియం ఫ్రూడ్. రైలుమార్గ నిర్మాణమున బ్రూనెల్ మహాశిల్పి క్రింద పనిచేసిన ఇంజనీరు ఇతడు. 1867లో డార్ట్ నదిలో ‘హంస’, ‘కాకోలము’ అని అర్థమిచ్చు పేర్లుగల రెండు ఆకృతులను మూడు, ఆరు, పండ్రెండు అడుగుల పొడవున చేయించి లాగించి చూచెను. ఒకదాని మొన మొద్దు. ఇంకొకదాని మొన వాడి. వాడి మొనయే సర్వదా మేలని అందరు తలచియుండగా, అధిక వేగమున మొద్దు మొనయే తక్కువ నిరోధము పొందినది. నమూనాలవలన పెద్ద నౌక సంగతి తెలియదని, పెద్ద నౌకనే లాగి చూడవలెనని 1869లో పండితసంఘము అభిప్రాయపడినను, ఆ సంఘములోనే యుండి ఫ్రూడ్ విభేదించెను.

ఫ్రూడ్ గ్రహించిన సూత్రము సులభమైనదే. నౌక ముందుకు పోవునప్పుడు లేపు అలల తీరు నమూనాలోను అట్లే యుండవలెనన్న, వేగమును పొడవు యొక్క వర్గమూలమును బట్టి తగ్గింపవలెను. 160 మీటర్ల నౌకకు 25వ వంతు నమూనా చేసిన, దాని పొడవు 6.4 మీటర్లు. 25కు వర్గమూలము 5 కనుక, నౌక 30 నాట్ల వేగమున పోవుట ఎట్లుండునో తెలియుటకు నమూనాను 6 నాట్ల వేగమున లాగిన చాలును. బరువుల లెక్క మాత్రము ఘనమును బట్టి పెరుగును. 25 ఘనము 15,625. అనగా నమూనాలో ఒక కిలోగ్రాము పొరపాటు నౌకలో పదునైదున్నర టన్నుల పొరపాటునకు సమానము. నమూనా చిన్నదని అలక్ష్యము చేయువానికి ఈ ఒక్క సంఖ్యయే సమాధానము.

ఇక్కడనే అసలు మెలిక యున్నది. నౌకను అడ్డగించునవి రెండు: అది లేపు అలలు, నీటితో దాని ఒంటి రాపిడి. మొదటిది పై సూత్రమునకు లోబడును; రెండవది లోబడదు. ఈ రెంటిని కలగలిపి హెచ్చవేసిన లెక్క తప్పును. ఫ్రూడ్ వేర్వేరు పొడవుల పలకలను నీటిలో లాగి రాపిడి పరిమాణమును విడిగ కనుగొనెను. నమూనాకు కలిగిన మొత్తపు నిరోధమునుండి దాని రాపిడిని తీసివేసి, మిగిలిన దానిని మాత్రమే ఘనమును బట్టి హెచ్చించి, పెద్ద నౌకకు తగిన రాపిడిని మరల విడిగ కలిపెను. 1871లో ‘గ్రేహౌండ్’ అను యుద్ధనౌకను వేరొక నౌకచే సముద్రమున లాగించి నిరోధము కొలిచిరి. 1872లో సిద్ధమైన తొట్టియందు దాని 16వ వంతు నమూనాను లాగించిరి. రెండు కొలతలు చక్కగ సరిపోలినవి. మిగిలిన స్వల్పభేదమునకు నౌక అడుగున తొడిగిన రాగిరేకుల గరుకుదనమే కారణమని ఫ్రూడ్ నిర్ణయించెను. నాటినుండి నమూనా బొమ్మ కాదు, సాక్షి.

ఆ సాక్షిని ఫ్రూడ్ మైనముతో చేసెను. మైనమును గీతల ననుసరించి యంత్రముతో కోసి చేతితో నునుపు చేయవచ్చును. మొన లావైన చెక్కివేయవచ్చును, సన్నమైన అతికింపవచ్చును. పని తీరిన పిదప కరగించి మరియొక నౌకను పోతపోయవచ్చును. నేడు మైనమునకు తోడు కొయ్య, గాజునారతో గట్టిపరచిన రెసిను మొదలైనవి వాడుదురు. చిన్న నమూనా ప్రక్కన నీరు పెద్ద నౌక ప్రక్కనవలె సుడులు గొనక నున్నగ జారిపోవును. ఆ భేదము పోగొట్టుటకై మొనకు సమీపమున సన్నని తీగయో, చిన్న చిన్న మేకులో అమర్చుదురు. పెద్దదానిలో లేనిది చిన్నదానిలో చేర్చుటయే ఇచ్చట యథార్థమునకు దారి యగుట వింత.

యుద్ధనౌకకు మార్పులు కట్టుటతో ముగియవు. 1872లోనే ఫ్రూడ్ గ్రేహౌండు అడుగు మూలలకు ఇరువైపుల పొడవైన పట్టీలు రెక్కలవలె అమర్చి, అట్టివి లేని, దానివంటి నౌకయగు ‘పెర్సియస్’ ప్రక్కన నిలిపి చూడగా, పట్టీలు గల నౌక ఊపు సుమారు సగమునకు తగ్గినది. మార్పు మేలు చేయుటకు ఇది నిదర్శనము. కీడునకు నిదర్శనము జపాను చరిత్రలో నున్నది. చిన్న నౌకపై బరువైన ఆయుధములు ఎక్కించుటవలన 1934 మార్చి 12వ తేదీన ‘తొమోజురు’ అను టార్పెడో నౌక గాలివానలో తిరుగబడి, అందలి నూటపదుమూడుమందిలో నూరుగురు మరణించిరి. అంతట ఆ దేశమువారు అనేక యుద్ధనౌకల పైకట్టడములను తగ్గించి అడుగున బరువు చేర్చిరి. వాసా మునిగిన మూడువందల యేండ్లకు గూడ పైబరువు పాఠమును ప్రాణములు చెల్లించి నేర్చుకొనవలసి వచ్చినది!

ఈ విద్య తెలుగునేలకు వచ్చిన తీరు గమనింపదగినది. 1941 జూన్ 21వ తేదీన, యుద్ధము సాగుచుండగనే, సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు విశాఖపట్టణమున బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. మరుసటి యేడు ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. ఐనను ఆ శాలనుండి 1948 మార్చి 14వ తేదీన ‘జల ఉష’ నౌకను పండిత నెహ్రూ నీట ప్రవేశపెట్టిరి. 1968లో తూర్పు నౌకాదళ కమాండు అచ్చట ఏర్పడినది. 1969లో రక్షణ పరిశోధనా విభాగమువారి నౌకావిజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల అచ్చటనే వెలసినది. ఆ ప్రయోగశాలలోని పరీక్షా తొట్టి పొడవు 500 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు, లోతు 8 మీటర్లు. తొట్టికి ఇరుప్రక్కల పట్టాలపై నడుచు బండి నమూనాను లాగుచు నిరోధమును కొలుచును. పైన చెప్పిన 25వ వంతు నౌక ఆ తొట్టిని ఈ చివరినుండి ఆ చివరకు దాటుటకు మూడు నిమిషములైనను పట్టదు. ఆ స్వల్పకాలములో తెలియు సంగతులు వందలమంది నావికుల క్షేమమునకు సంబంధించినవి.

నమూనాపై పరీక్షించుట నౌకలకే పరిమితము కాదు. స్వాతంత్ర్యానంతరము గ్రామాభివృద్ధిని 1948లో ఎటావాలో చిన్నగ ఆరంభించి చూచి, 1952లో దేశమున సమాజవికాస పథకములు ప్రారంభించిరి. చిన్న ప్రయత్నము ఫలించినంత మాత్రమున దానిని వేయింతలు చేసిన ఫలితము వేయింతలగునని చెప్పవీలు లేదు. ఏది హెచ్చించిన హెచ్చునో, ఏది హెచ్చదో ముందుగ విడదీసి చూచుకొనవలెను. అది ఫ్రూడ్ పలకలు నేర్పిన పాఠము.

1960 తరువాతి దశకమున వేయబడిన కొత్తవలస–కిరండూలు రైలుమార్గము జగదల్‌పూరును విశాఖతో కలిపినది. బైలదిల్లా కొండల ఇనుపరాయి ఆ మార్గముననే అరకు కనుమలు దిగి సముద్రమును చేరుచున్నది. ఇంద్రావతి చూపలేని దారిని ఇనుపపట్టాలు చూపినవి. ఆ దారికి ఒక కొసన వడ్రంగి ఏటేట రథము కట్టి, లోపమున్న మరుసటి యేడు దిద్దుకొనును. ఊరంతయు కలిసి లాగు రథమునకు ఆ అవకాశమున్నది. మరియొక కొసన శిల్పి నమూనాను చెక్కి, లాగి, కొలిచి, మరల చెక్కుచున్నాడు. నడిసంద్రమున నౌకకు మరుసటి యేడు లేదు గనుక.