అట్టముక్క వెల

నా చిన్ననాట రైలు టికెట్టనగా చిన్న అట్టముక్క. నేను దాచుకొన్న నాలుగైదింటిని మా అమ్మ పండుగ శుభ్రములలో ఊడ్చి పారవేసినది. అమెరికా తల్లులును ఇట్టివారే. వారు పారవేసినవి బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలు. అందుచేతనే మిగిలినవాని కంత వెల వచ్చినది!

బేస్‌బాల్ మన క్రికెట్టు వలె కర్రతో బంతిని కొట్టు ఆట. 1909 మొదలు 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీవారు సిగరెట్టు పెట్టెలలో ఆటగాండ్ర బొమ్మల నుంచిరి. హోనస్ వాగ్నర్ అను మేటి ఆటగాడు తన బొమ్మ వేయవలదనెను. పిల్లలు పొగాకు కొందురని వలదన్నాడని కొందరు, సొమ్ము చాలలేదని కొందరు చెప్పుదురు. ఏమైనను అతని బొమ్మలు కొద్దిగా మాత్రమే బయటకు వచ్చెను. అందొకటి 1991లో వేలమున 4,51,000 డాలర్లు పలికినది.

ఇక రెండవ కథ. 1952లో టాప్స్ అను చూయింగుగమ్ కంపెనీ 407 బొమ్మల వరుస నొకటి వేసినది. కడపటి భాగము ఆటల కాలము ముగియవచ్చు వేళకు అంగళ్లకు చేరుటచే అమ్ముడు పోలేదు. మికీ మాంటిల్ బొమ్మ ఆ భాగములోనిదే. గిడ్డంగి ఖాళీ చేయుటకై 1960 ప్రాంతమున మిగిలిన సరకును పడవ కెక్కించి అట్లాంటిక్ సముద్రములో పారబోయించితినని ఆ కంపెనీ ఉద్యోగి సై బర్గరే చెప్పెను. సరకు నిలువయున్న వర్తకుని గుండె మనకు తెలియనిదా!

నాటి బాలురు పెరిగి సంపాదనపరులై తమ బాల్యమును వెల యిచ్చి కొనసాగిరి. బొమ్మ మూలలు మొనదేలియున్నవా, అంచులు చెడలేదా, బొమ్మ నడుమ నున్నదా అని భూతద్దముతో చూచుట మొదలైనది. 1991లో పి.ఎస్.ఎ. అను సంస్థ పుట్టి, అట్టలను పరీక్షించి, ఒకటి మొదలు పది వరకు మార్కులు వేసి, ప్లాస్టిక్కు పెట్టెలో బిగించి యిచ్చుచు వచ్చినది. వారు మొట్టమొదట మార్కులు వేసినది పైన చెప్పిన వాగ్నర్ బొమ్మకే, ఎనిమిది వేసిరి. 2007లో అది 28 లక్షల డాలర్లకు పోయినది. తీరా 2013లో, దానిని పూర్వము అమ్మిన బిల్ మాస్ట్రో దాని అంచులను తానే కత్తిరించితినని న్యాయస్థానమున ఒప్పుకొనెను. వేలములలో దొంగ పాటలు పాడించిన నేరమునకు 2015లో అతనికి 20 నెలల శిక్ష పడినది. కత్తెర తగిలిన అట్టకు ఈ వ్యాపారమున పరువు లేదు. అమ్మువాడు దాచిన, కనిపెట్టుటయు కష్టమే.

ఆలన్ రోజెన్ అను వర్తకుడు 1986లో మసాచుసెట్స్ రాష్ట్రమున ఒక యింట చెక్కు చెదరని 1952 బొమ్మలు వేలకొలది దొరకగా కొనెను. వానిలోని మాంటిల్ బొమ్మ నొకదానిని 1991లో 50,000 డాలర్లకు అమ్ముచు, తన యెరుకలో ఇంతకంటె మేలైనది లోకమున లేదని ఉత్తరము వ్రాసి యిచ్చెను. కొన్నవాడు ముప్పదియొక్క యేండ్లు దాచి, 2022 ఆగస్టులో వేలమునకు పెట్టెను. అది 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడైనది.