పెంపుడు కుక్కలు, యజమానుల మధ్య మందులకు లొంగని బాక్టీరియా

యాంటీబయాటిక్ మందులకు లొంగని కొన్ని బాక్టీరియాలు పెంపుడు కుక్కల శరీరంపైన, వాటిని పెంచే మనుషుల శరీరంపైన కూడా నివసించగలవు. అవి ఒకే ఇంటిలో కుక్కనుండి మనిషికి, మనిషినుండి కుక్కకు చేరుతూ ఉంటాయి. ఈ విషయం 1990ల నుండి వైద్య, పశువైద్య పరిశోధనలలో విస్తృతంగా నమోదవుతున్నది. ఇలా చేరే వాటిలో ముఖ్యమైనవి నాలుగు: మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్, కుక్క చర్మంపై సహజంగా ఉండే స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్, పేగులలో నివసించే ఇ. కోలై, నీళ్ళ విరేచనాలను కలిగించే కాంపిలోబాక్టర్ జెజునై. "కుక్కవలన మనిషికి అంటినది" అని సాధారణంగా అనుకుంటారు గాని, మొదటి రకం విషయంలో మనిషివలన కుక్కకు అంటిన సందర్భాలే ఎక్కువ.

నివాసము, వ్యాధి, నిరోధకత

ఒక బాక్టీరియా శరీరంపై ఉండటం వేరు, దానివలన వ్యాధి కలగడం వేరు. ఆరోగ్యవంతులైన మనుషులలో సుమారు 30 శాతం మంది ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉంటుంది. వారిలో అత్యధికులకు దానివలన ఏ బాధా ఉండదు. చర్మం తెగినప్పుడు, శస్త్రచికిత్స జరిగినప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అదే బాక్టీరియా లోపలికి చొరబడి చీము పట్టిస్తుంది. అటువంటి బాక్టీరియాను ఏ లక్షణాలూ లేకుండా మోసేవారిని వాహకులు అంటారు. కుక్క కూడా ఇటువంటి వాహకమే కావచ్చును.

"ఈ మందు నా ఒంటికి అలవాటైపోయింది, అందుకే పనిచేయడం లేదు" అన్న మాట తరచు వినబడుతుంది. నిజానికి మందును తట్టుకొనే శక్తిని సంపాదించుకున్నది మనిషి శరీరం కాదు, బాక్టీరియా. దీనినే నిరోధకత అంటారు. మందు వాడినప్పుడు లొంగే బాక్టీరియాలు చనిపోగా, లొంగని కొద్దిపాటివి మిగిలి, ఖాళీ అయిన చోట వృద్ధి చెందుతాయి. అంతేకాక, నిరోధకతనిచ్చే జన్యువులలో చాలా భాగం ప్లాస్మిడ్లు అనే చిన్న డి.ఎన్.ఏ. వలయాలపై ఉంటాయి. ఇవి ఒక జాతి బాక్టీరియానుండి మరొక జాతికి కూడా మారగలవు. కనుక కుక్కనుండి మనిషికి చేరిన బాక్టీరియా అక్కడ ఎక్కువకాలం నిలువకపోయినా, పోయేముందు తన జన్యువును అక్కడి బాక్టీరియాకు అప్పగించి పోయే అవకాశం ఉన్నది.

మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్

పెనిసిలిన్‌ను ఛేదించే బాక్టీరియాలకు విరుగుడుగా మెథిసిలిన్ అనే మందు 1959లో వచ్చినది. రెండేళ్ళు తిరగకుండానే, 1961లో, దానికి కూడా లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ ఇంగ్లండులో బయటపడినది. దీనిని పొడి అక్షరాలలో ఎమ్.ఆర్.ఎస్.ఏ. అంటారు. పెనిసిలిన్ కుటుంబపు మందులు బాక్టీరియా తన గోడను కట్టుకోవడానికి వాడే ఎంజైములకు అంటుకొని వాటిని పనిచేయనివ్వవు. మెక్-ఏ అనే జన్యువు ఉన్న బాక్టీరియా ఈ మందులు అంటుకోలేని మరొక ఎంజైమును తయారుచేసుకొని గోడ కట్టుకుంటూ పోతుంది. అందువలన ఒక్క మెథిసిలిన్ మాత్రమే కాక, ఆ కుటుంబానికి చెందిన దాదాపు అన్ని మందులూ దానిముందు వ్యర్థమవుతాయి.

స్టెఫైలోకాకస్ ఆరియస్ కుక్కకు సహజమైన బాక్టీరియా కాదు. బ్రిటన్‌లో కుక్కలనుండి సేకరించిన ఎమ్.ఆర్.ఎస్.ఏ.ని పరీక్షించగా, వాటిలో అధికభాగం ఆ దేశపు ఆసుపత్రులలో రోగుల మధ్య వ్యాపించిన ఇ.ఎమ్.ఆర్.ఎస్.ఏ.-15 అనే వంశానికి చెందినవేనని తేలినది. అంటే ఆసుపత్రినుండి మనిషి ద్వారా ఇంటికి వచ్చి, అక్కడ కుక్కకు చేరినదన్నమాట. శస్త్రచికిత్స జరిగిన కుక్కలకు, పలుమార్లు యాంటీబయాటిక్ మందులు వాడిన కుక్కలకు ఇది సోకే అవకాశం ఎక్కువ. పశువైద్యులలో కూడా ఎమ్.ఆర్.ఎస్.ఏ. వాహకుల నిష్పత్తి సాధారణ ప్రజలలో కంటే అధికంగా ఉన్నట్లు పలు దేశాలలోని పరిశీలనలు చూపినవి.

అయితే కుక్కకు చేరిన బాక్టీరియా అక్కడితో ఆగదు. 2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక నివేదిక దీనికి మంచి ఉదాహరణ. ఒక భార్యాభర్తలకు ఎమ్.ఆర్.ఎస్.ఏ. సోకినది. చికిత్స చేసి ముక్కులోని బాక్టీరియాను తొలగించిన ప్రతిసారీ కొంతకాలానికి అది మరల తిరిగివచ్చేది. చివరకు ఇంటిలోని కుక్క ముక్కును పరీక్షించగా అదే బాక్టీరియా అక్కడ కనిపించినది. కుక్కకు మాత్రం ఏ జబ్బూ లేదు. దాని ముక్కునుండి కూడా బాక్టీరియాను తొలగించిన తరువాతనే ఆ దంపతులకు వ్యాధి తిరగబెట్టడం ఆగినది. మొదట ఎవరినుండి ఎవరికి వచ్చినదో చెప్పడానికి ఈ కథలో ఆధారం లేదు. కాని మనుషులకు మాత్రమే చికిత్స చేసినంతకాలం ఫలితం లేకపోవడం గమనార్హం. కుక్కలకే కాదు, పిల్లులకూ ఇది వర్తిస్తుంది. ఇంగ్లండులో వృద్ధుల ఆసుపత్రి వార్డులో తిరిగే ఒక పిల్లి ఎమ్.ఆర్.ఎస్.ఏ. వాహకంగా ఉన్నట్లు 1988లోనే ప్రకటించారు.

స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్

మనిషికి ఆరియస్ ఎటువంటిదో కుక్కకు ఇది అటువంటిది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలలో అధికభాగం వాటి ముక్కు, నోరు, ఆసనద్వారం వద్ద దీనిని మోస్తూ ఉంటాయి. అవకాశం దొరికినప్పుడు చర్మంపై చీముపొక్కులు, చెవిపోటు, గాయాలకు చీము పట్టడం వంటివి కలిగిస్తుంది. దీనిని ప్రత్యేక జాతిగా 2005లో వర్ణించారు. అంతకు పూర్వం కుక్కలనుండి లభించిన ఈ బాక్టీరియాను స్టెఫైలోకాకస్ ఇంటర్మీడియస్ అనే పేరుతో పిలిచేవారు.

2005 తరువాత మెథిసిలిన్‌కు లొంగని రకాలు కుక్కలలో వేగంగా పెరిగినవి. ఐరోపాలో ఎస్.టి.-71, ఉత్తర అమెరికాలో ఎస్.టి.-68 అనే వంశాలు ప్రధానంగా వ్యాపించినవి. ఇవి పెనిసిలిన్ కుటుంబానికే కాక ఇతర కుటుంబాల మందులకు కూడా లొంగకపోవడంతో, కొన్ని కుక్కలకు ఇవ్వదగిన మాత్ర ఏదీ మిగలని పరిస్థితి పశువైద్యులకు ఎదురైనది.

ఇది మనిషి శరీరంపై సాధారణంగా ఎక్కువకాలం నిలువదు. చర్మవ్యాధితో బాధపడుతున్న కుక్క యజమానులలోను, పశువైద్యశాలల సిబ్బందిలోను కొంతకాలం కనబడి తరువాత పోతుంది. అయినా గాయాలు ఉన్నవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో వ్యాధి కలిగించిన సందర్భాలు కలవు. ఇటువంటి సందర్భాలు పూర్వం ఎన్ని మరుగున పడినవో లెక్కించడం కష్టం. ఆసుపత్రి ప్రయోగశాలలో ఆరియస్‌ను గుర్తించడానికి చేసే కోయాగ్యులేజ్ పరీక్షలో ఇది కూడా ఆరియస్ వలెనే కనబడుతుంది. పైగా ఆరియస్‌లో మెథిసిలిన్ నిరోధకతను పసిగట్టడానికి వాడే సెఫాక్సిటిన్ బిళ్ళ దీని విషయంలో నమ్మదగినది కాదు, ఆక్సాసిలిన్‌తో పరీక్షించాలి. అనగా బాక్టీరియా పేరు తప్పుగా రాస్తే, దాని నిరోధకత కూడా తప్పుగా నమోదయ్యే ప్రమాదం ఉన్నది. రోగి తన ఇంటిలో కుక్క ఉన్న సంగతిని వైద్యునికి చెప్పడం ఇందుకే అవసరం.

కుక్కపిల్లల ద్వారా కాంపిలోబాక్టర్ వ్యాప్తి

2016 - 2018 మధ్య అమెరికాలో జరిగిన ఈ సంఘటన, మందుల దుర్వినియోగానికి, ఇంటిలోని మనిషి జబ్బుకు మధ్యగల సంబంధాన్ని స్పష్టంగా చూపుతుంది. దుకాణాలలో అమ్మిన కుక్కపిల్లల ద్వారా 18 రాష్ట్రాలలో 118 మందికి కాంపిలోబాక్టర్ జెజునై సోకినది. వీరిలో 29 మంది ఆ దుకాణాలలో పనిచేసేవారు. పరీక్షించిన బాక్టీరియా నమూనాలు ఈ వ్యాధికి సాధారణంగా ఇచ్చే అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్ససిన్, టెట్రాసైక్లిన్‌లకు లొంగలేదు.

పరిశోధకులు దుకాణాల రికార్డులలో 149 కుక్కపిల్లల వివరాలు పరిశీలించారు. వాటిలో 142 పిల్లలకు, అంటే 95 శాతానికి, కనీసం ఒక విడత యాంటీబయాటిక్ ఇచ్చినట్లు తేలినది. ఈ 142లో సగానికి పైగా పిల్లలకు జబ్బు లేకపోయినా, రాకుండా ఉండటానికని ముందుగానే మందు పెట్టారు. వేర్వేరు చోట్ల పుట్టిన పిల్లలను ఒకే వాహనంలో, ఒకే గదిలో కలిపి ఉంచి, అన్నిటికీ ఒకే మందు ఇస్తే, ఆ మందును తట్టుకొనే బాక్టీరియాను ఏరి పెంచి పంచినట్లే అవుతుంది. ఇటువంటి మరొక వ్యాప్తి 2019లో బయటపడినది.

పేగులలోని బాక్టీరియా

ఇ. కోలై మనుషుల పేగులలోను, కుక్కల పేగులలోను ఉంటుంది. సెఫలోస్పోరిన్ వంటి శక్తివంతమైన మందులను ఛేదించే ఎంజైములు గల ఇ. కోలై కుక్కల మలంలో పలు దేశాలలో కనిపించినది. పచ్చి మాంసం తినే కుక్కలలో ఇది ఎక్కువగా ఉంటుందని అనేక పరిశీలనలు తెలుపుతున్నవి. ఉడికించిన తిండికంటే పచ్చి మాంసమే కుక్కకు సహజమైన ఆహారమన్న ప్రచారం కొన్ని దేశాలలో బలంగా ఉన్నందున ఈ విషయం పేర్కొనవలసి వచ్చినది.

చివరి అస్త్రాలుగా దాచుకున్న మందుల విషయం మరింత గంభీరమైనది. కోలిస్టిన్ మందుకు నిరోధకతనిచ్చే ఎమ్.సి.ఆర్.-1 జన్యువును చైనా పరిశోధకులు 2015లో ప్రకటించారు. మరుసటి ఏడాదే గువాంగ్జౌ నగరంలో, పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేసే ఒక వ్యక్తిలోను, ఆ దుకాణంలోని కుక్కలలోను ఈ జన్యువుగల ఇ. కోలై ఉన్నట్లు వెల్లడైనది. ఫిన్లాండులో 2015లో చాలాకాలంగా చెవిపోటుతో బాధపడుతున్న రెండు కుక్కలలో ఎన్.డి.ఎమ్.-5 అనే ఎంజైముగల ఇ. కోలై బయటపడగా, అదే కుటుంబంలోని ఒక వ్యక్తి కూడా దానికి వాహకమని తేలినది. ఈ ఎంజైము కార్బాపెనెమ్ మందులను ఛేదిస్తుంది. పేరులోని మొదటి రెండు అక్షరాలు న్యూఢిల్లీని సూచిస్తాయి. న్యూఢిల్లీలో వైద్యం పొంది స్వీడన్ చేరిన ఒక రోగిలో 2008లో దీని మొదటి రూపాన్ని కనుగొనడమే ఇందుకు కారణం. ఊరిపేరు పెట్టడంపై భారతదేశంలో తీవ్ర అభ్యంతరం వ్యక్తమైనది.

ప్రమాదం ఎంత?

పై ఉదాహరణలు చదివి భయపడనవసరం లేదు. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో సుమారు 2,900 మంది రోగులపై జరిగిన పరిశీలన ఫలితాలను 2023లో ప్రకటించారు. పెంపుడు జంతువులు గలవారినుండి, వాటినుండి నమూనాలు తీసుకొని పోల్చగా, జన్యుపరంగా ఒకే బాక్టీరియా అని రుజువైనది ఒక్క కుక్క - యజమాని జంటలో మాత్రమే. ఆసుపత్రిలో గడిపిన కాలం, ఇటీవల వాడిన యాంటీబయాటిక్ మందులు వంటి కారణాలతో పోలిస్తే కుక్కవలన కలిగే ప్రమాదం చిన్నది. అయితే క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు, అవయవమార్పిడి జరిగినవారు, మానని పుండ్లు గల మధుమేహ రోగులు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళలో ఈ చిన్న ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నివారణ

కుక్కను తాకిన తరువాత, దాని మలం తీసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవడం అన్నిటికంటే ముఖ్యమైనది. గాయాలను, ముఖాన్ని కుక్కచేత నాకించుకోరాదు. దాని పుండ్లకు మందు రాసేటప్పుడు తొడుగులు వేసుకోవాలి. చర్మంపై చీముపొక్కులు వచ్చిన కుక్కలకు క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ స్నానంతోనే చాలాసార్లు నయమవుతుంది, మాత్రల అవసరం రాదు. పుండు మానకపోయినా, మరల మరల వచ్చినా, చీమును ప్రయోగశాలలో పెంచి ఏ మందుకు లొంగుతుందో పరీక్షించిన తరువాతే మందు మార్చాలి.

ఎమ్.ఆర్.ఎస్.ఏ. వాహకమైన కుక్కను ఇంటినుండి వెళ్ళగొట్టనక్కరలేదు. కుక్కకు అది సహజమైన బాక్టీరియా కాదు గనుక, మనుషులకు చికిత్స చేసి, దాని పడకను, గిన్నెలను శుభ్రంగా ఉంచితే చాలా కుక్కలలో కొద్ది వారాలలో తనంతట తానే పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఇందుకోసం యాంటీబయాటిక్ ఇవ్వడాన్ని నిపుణులు సాధారణంగా సిఫారసు చేయరు.

మనుషులకు మాత్రమే కేటాయించవలసిన మందుల జాబితాను ఐరోపా సమాఖ్య 2022లో ప్రకటించినది. కార్బాపెనెమ్‌లు, వాంకోమైసిన్ చెందిన గ్లైకోపెప్టైడ్లు అందులో ఉన్నవి. వాటిని జంతువులకు వాడరాదు.

భారతదేశంలో కోలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు వాడటాన్ని 2019లో నిషేధించారు. 2017లో వెలువడిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక మనుషుల, జంతువుల, పరిసరాల ఆరోగ్యాన్ని కలిపి చూడాలని పేర్కొన్నది. 2014 నుండి అమలులో ఉన్న హెచ్-1 షెడ్యూలు ప్రకారం కొన్ని యాంటీబయాటిక్ మందులను అమ్మినప్పుడు, చీటీ రాసిన వైద్యుని పేరు, రోగి పేరు దుకాణదారు ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. ఇంటిలో ఎవరికో తెచ్చి మిగిలిన మాత్రలను కుక్కకు పెడితే అది ఏ పుస్తకానికీ ఎక్కదు. మందు అట్టపై నిలువుగా ఎర్రగీత ఉంటే అది వైద్యుని చీటీ లేనిదే వాడకూడనిదని అర్థం. ఈ గుర్తును గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం చేపట్టినది.