ప్రొటీన్లను తెంచే ఎంజైములు: కణితి నుంచి చికిత్స దాకా

ప్రొటీన్లను తెంచే ఎంజైములను ప్రోటియేజులంటారు. తిన్నది అరగాలన్నా, గాయం మానాలన్నా ఇవి ఉండాల్సిందే. కణితితో వీటి సంబంధం 1925లో బయటపడింది. గడ్డకట్టిన ప్లాస్మాలో కోడి కణితి ముక్కను పెంచుతుంటే ఆ గడ్డ కరిగిపోవడం ఆల్బర్ట్ ఫిషర్ గమనించాడు. మామూలు కణజాలం దాన్ని కరిగించలేదు.

1962లో గ్రాస్, లాపియేర్‌లకు తోకకప్ప తోక హరించుకుపోయే దశలో కొలాజెన్‌ను తెంచే ఎంజైము దొరికింది. మాట్రిక్స్ మెటలోప్రోటియేజుల (ఎంఎంపీల) కుటుంబంలో మొదట తెలిసింది అదే. ఎలుకల్లో, కణజాలం అడుగున ఉండే ఆధార పొర కొలాజెన్‌ను ఎక్కువగా తెంచే కణితులే ఇతర అవయవాలకు ఎక్కువగా పాకుతున్నాయని 1980లో లాన్స్ లియోటా బృందం చూపింది.

మరి ఈ ఎంజైములను ఆపితే? 1990లలో మరిమాస్టాట్, టానోమాస్టాట్ అనే మందులు ఆ ఆశతోనే వచ్చి చతికిలపడ్డాయి. మరిమాస్టాట్ కీళ్ల నొప్పులు తెచ్చింది. క్లోమ క్యాన్సర్‌లో టానోమాస్టాట్ కన్నా జెమ్‌సిటాబిన్ అనే కీమో మందు వాడినవారే ఎక్కువ కాలం బతికారు. ఎలుకల్లో తొలిదశలో పనిచేసిన మందును ముదిరిన రోగులకు ఇవ్వడం ఒక లోపం. కుటుంబంలో అందరూ శత్రువులేనని అనుకోవడం అంతకన్నా పెద్ద లోపం: ఎంఎంపీ-8 లేని మగ ఎలుకలకు చర్మపు కణితులు ఎక్కువగా వచ్చాయని 2003లో తేలింది.

అసలు గెలుపు కణం లోపల దక్కింది. పాడైన ప్రొటీన్లకు యుబిక్విటిన్ గుర్తు తగిలిస్తే, ప్రోటియేజుల యంత్రం లాంటి ప్రోటియసోమ్ వాటిని ముక్కలు చేస్తుంది. ఈ గుర్తు రహస్యం ఛేదించిన సీహనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కణాలు యాంటీబాడీలను గుట్టలుగా తయారుచేస్తాయి. ప్రోటియసోమ్‌ను ఆపితే చెత్త పేరుకుని చస్తాయి. అలా ఆపే బోర్టెజోమిబ్‌కు 2003లో అమెరికా అనుమతి లభించింది.

మైలోమాకే వాడే మరో మందు లెనాలిడోమైడ్‌ది ఎదురు దారి. అది యుబిక్విటిన్ గుర్తు తగిలించడంలో తోడ్పడే సెరెబ్లాన్ ప్రొటీన్‌ను మళ్లించి, మైలోమాకు ప్రాణాధారమైన ఇకారోస్, అయోలోస్ ప్రొటీన్లను అదే ప్రోటియసోమ్‌కు అప్పగిస్తుందని 2014లో తెలిసింది. హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా ఈ రెండు మందుల జెనరిక్‌లనూ తయారుచేసింది. దాని లెనాలిడోమైడ్‌ను 2022 మార్చిలో టెవా సంస్థ అమెరికాలో విడుదల చేసింది.

లెనాలిడోమైడ్ ఇంట్లో మింగే క్యాప్సూల్. బోర్టెజోమిబ్ సూదిమందు, పాత పద్ధతిలో వారానికి రెండుసార్లు. పినపాక ఏజెన్సీ నుంచి హైదరాబాద్ ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే రోగికి ఈ తేడా చిన్నదేమీ కాదు. వారానికి ఒక్క సూదితోనూ ఫలితం తగ్గదనీ, పైగా నరాల బాధ తగ్గుతుందనీ 2010 నాటి పరిశోధనలో తేలింది.