పేడవాయువు: ఒక చరిత్రము



పేడను గాలి చొరని తొట్టిలో మురుగబెట్టినచో పుట్టు వాయువు పొగ లేక మండును. మిగిలిన మడ్డి చేనికి మంచి యెరువగును. ఇది నేటి మాట గాదు. బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమమున 1897లోనే మురుగునుండి వాయువును పట్టి దీపములు వెలిగించిరి. 1950 ప్రాంతమున జశ్‌భాయి పటేలుగారు తొట్టిపై ఇనుపడ్రమ్ము బోర్లించు పద్ధతిని రూపొందించిరి. ఖాదీ గ్రామోద్యోగ కమిషను దానిని పల్లెలకు చేర్చెను. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట దీనిపై ఆశలు మరింత పెరిగెను.

అయినను ఇది ఇంటింటికి ఏల చేరలేదు? పల్లెవారు క్రొత్తదాని నొల్లరని పట్టణవాసులందురు. నేను దాని నంగీకరింపను. లెక్క మీరే చూడుడు. 2 ఘనమీటర్ల తొట్టికి దినమునకు రమారమి 50 కిలోల పేడయు, అంత నీరును కావలెను. పశు వొక్కటికి 10 కిలోలు దక్కుననుకొన్నను ఐదు పశువులుండవలెను. ఒక్క గేదె గలవా డేమి చేయును? బీట మేయు ఆవు పేడ బీటనే పడును గదా!

మా పెదతండ్రిగారి దొడ్డిలో ఇట్టి తొట్టి యుండెడిది. అంతకు మున్ను ఒక ముసలమ్మ ఆ దొడ్డి యూడ్చి, అందుకు బదులుగా పేడ గంపకెత్తుకొని పోయి పిడకలు చేసికొనెడిది. తొట్టి కట్టిన నాటినుండి ఆమెకు ఊడ్చుపని మిగిలెను, పేడ మిగులలేదు. మా పెద్దమ్మ పొయ్యిలో పొగ పోయెను. ఆ ముసలమ్మ చితుకులకై చెరువుగట్టు పట్టెను. నాలుగేండ్లకు డ్రమ్ము తుప్పుపట్టి చిల్లిపడగా బాగుచేయువాడు దొరకలేదు. పిదప ఇనుపడ్రమ్ము లేక ఇటుకలతో కట్టు దీనబంధు తొట్టి 1984లో వచ్చినది; తుప్పు బాధ తీరెను గాని, పశువులు లేనివాని బాధ తీరలేదు.

కర్ణాటకమున తుమకూరు జిల్లాలోని పుర గ్రామమున మరియొక మార్గము చూచిరి. బెంగుళూరు విజ్ఞానసంస్థకు చెందిన ఆచార్య అమూల్యకుమార్ రెడ్డిగారును, వారి సహచరులును అచట ఊరంతటికి ఒకటే వాయుకేంద్రము కట్టిరి. తొలుత వంటకై యిచ్చిరి. ఊరి పేడ యంతయు పోసినను అందరి పొయ్యిలకు చాలలేదు. జనులకు ఆసక్తి తగ్గెను. అప్పుడు వారు గ్రామస్థులనే అడిగిరి. వారు కోరినది వంటగ్యాసు గాదు, మంచినీరు! 1987 నుండి ఆ వాయువుతో యంత్రము నడిపి, విద్యుత్తు పుట్టించి, గొట్టపుబావి నీటిని వీధి కొళాయిలకెక్కించిరి, ఇండ్లకు దీపములిచ్చిరి. పేడ తెచ్చినవారికి కిలోకు 2 పైసలిచ్చి, మడ్డిని ఎవరి వంతు వారికి తిరిగి యిచ్చిరి. ఆ గంపలు మోసి, ఆ పైసలు లెక్కపెట్టుకొన్నవారిలో ఎక్కువమంది స్త్రీలే.