మన్నెపు సంతలో కొన్న సరుకు

పట్టణములో మనమొక చీర కొని తెచ్చుకొంటిమి. మొదటి ఉతుకులోనే రంగు దిగినది. రసీదు వెదకి పట్టుకొని, చీర మడిచి చంకను పెట్టుకొని మరల అంగడికి పోవుదుము. గల్లాపెట్టె వెనుక గోడమీద ఒక బల్ల వ్రేలాడుచుండును: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు.’ అది చూచి కొందరు వెనుదిరుగుదురు, కొందరు వాదింతురు. వాదించువారికి రెండు ఆధారములు కలవు. చేతిలో రసీదున్నది, అంగడి నిన్న ఉన్నచోటనే నేడును ఉన్నది. ఈ రెండును లేనిచోట కొన్నవాని గతి ఏమని అడిగినచో, భద్రాచలము మన్యమే దానికి సమాధానము చెప్పగలదు.

గోదావరికి ఎడమగట్టున భద్రాచలము, కుడిగట్టు వైపున బూర్గంపహాడు, పాల్వంచ. 1860లో నిజాము ప్రభుత్వము ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించినది. వాటిలో భద్రాచలము కొంతకాలము మధ్యపరగణాల ఏలుబడిలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. కుడిగట్టు 1948 వరకు నిజాము రాజ్యముననే ఉన్నది. ఏరు ఒకటే, ప్రభుత్వములు రెండు, నాణెములును రెండు. ఇటు కల్దారు రూపాయి, అటు హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీలు. ఆవలిగట్టున కొన్న వస్తువు బాగులేదని తిరిగి ఇచ్చి సొమ్ము రాబట్టుకొనవలెనన్న, పడవ బాడుగ ఒకటి, మారకపు వట్టము మరొకటి! భద్రాచలము వద్ద వంతెన 1965లో గాని రాలేదు.

మన్యములో వర్తకమనగా ముఖ్యముగా వారపు సంతయే. అడవి ఉసిరికకును సముద్రపు ఉప్పునకును ఏమి పొత్తని మన పెద్దలు చమత్కరించిరి గాని, ఆ రెండును నిజముగా ఎదురుపడినది ఇట్టి సంతలలోనే. కోయలు, కొండరెడ్లు చింతపండు, కుంకుడుకాయలు, తేనె, తపసి జిగురు తెచ్చెడివారు. ఉప్పు, మిరపకాయలు, బట్టలు, ఇనుప సామానులు తీసుకొని పోయెడివారు. ప్రొద్దు వాలుసరికి వర్తకుడు మూట కట్టును. పైవారము అతడు వచ్చునో రాడో. వచ్చినను ఆ సరుకు తనదేనని ఒప్పుకొనునో లేదో! అందుచేత సంత బేరములో వాపసునకు బదులు పరీక్ష నిలిచినది. వ్రేలితో తట్టి మ్రోత వినకుండ ఏ ఇల్లాలును కుండ కొనదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము సైతము ఇంచుమించుగా ఈ మాటయే చెప్పినది: కొనువాడు సరుకును పరీక్షించి కొన్నచో, ఆ పరీక్షలో కనబడవలసిన లోపమునకు అమ్మినవాడు పూచీపడడు. కుండ పగులునకు ఈ న్యాయము సరిపోవును. బట్ట రంగు తట్టినచో తెలియునా? ఉప్పు కొలచిన మానిక అడుగు ఎత్తుగా ఉన్నదో లేదో తట్టి ఎట్లు తెలిసికొనుట? కొనుటకొక కొలతయు, అమ్ముటకొక కొలతయు ఉంచుకొన్న వర్తకుల కథలు మన్యమంతటను చెప్పుకొందురు.

అయినను అసలు చిక్కు కొలతలో కంటె పద్దులో ఉన్నది. వానకాలమునకు ముందు గిరిజనుడు ఉప్పును, బట్టను అరువు తెచ్చుకొనును. పంట వచ్చిన పిమ్మట ధాన్యముతోనో, అడవి సరుకుతోనో తీర్చును. తాను తెచ్చిన బట్ట వెల ఎంతో ఆనాటికి అతనికి తెలియదు. తెలియువేళకు బట్ట చిరిగిపోయి ఉండును. పుస్తకము షావుకారు చేతిలో, చదువు షావుకారు నోటిలో! వెల ఇంకను తేలని సరుకును తిరిగి ఇచ్చి ఏ సొమ్ము అడుగవలెను? ‘వాపసు’ అను మాటకే ఆ బేరములో చోటు లేదు.

రసీదు విలువ ఈ ప్రాంతమువారికి తెలియదని మాత్రము ఎవరును అనజాలరు. పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న గుడికై ఖర్చుపెట్టిన సర్కారు పైకమును రామలక్ష్మణులే వచ్చి తానీషాకు చెల్లించినారని ఐతిహ్యము. ఆ కథలో నాకు మిక్కిలి నచ్చునది ఆరు లక్షల మొహరీలు కావు. దేవుడంతటివాడు పైకము ముట్టినట్లు రసీదు వ్రాయించుకొని, చెరలోనున్న భక్తుని తలగడ క్రింద ఉంచి వెళ్లుట!

పద్దు పెరిగి, తుదకు భూమి చేయి మారెడిది. దీనికి అడ్డుకట్టగా మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతములకు వడ్డీ, భూమి బదిలీ చట్టము చేసినది. కొండజాతులవారి అప్పుపై వడ్డీ సాలుకు నూటికి 24 రూపాయలు మించరాదనియు, చక్రవడ్డీ చెల్లదనియు, అధికారి అనుమతి లేక వారి భూమి ఇతరులకు పోరాదనియు అందులో ఉన్నది. అట్లు పోయినచో తిరిగి ఇప్పించుటకు ఏజెంటుకు అధికారము కలదు. గమనింపుడు: బట్టకు లేని వాపసు భూమికి ముందుగా వచ్చినది. అమ్మినది కూడ తిరిగి తీసుకొనవచ్చునని ఇచ్చట శాసనమే పలికినది. 1959 నాటి నిబంధనలు, వాటికి 1970లో జరిగిన సవరణ ఆ కట్టును ఇంకను బిగించినవి. అమలు మాత్రము అంత బిగువుగా సాగలేదు.

సరుకుల విషయమున మార్పు 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థతో మొదలైనది. ఒకే సంస్థ అడవి సరుకును ప్రకటించిన ధరకు కొని, ఉప్పు పప్పులు తన డిపోలలో అమ్మును. డిపోకు గోడలున్నవి, తలుపున్నది. మరునాడు వెళ్లినను అక్కడనే ఉండును. మూట విప్పి మూట కట్టు వర్తకునికిని దానికిని గల భేదము చిన్నది కాదు.

ఇక చట్టము. 1986లో వినియోగదారుల రక్షణకు ప్రత్యేక శాసనము పుట్టినది. దాని స్థానమున 2019లో చేసి 2020 జూలైలో అమలుకు తెచ్చిన శాసనము ఒక మెట్టు ముందుకు నడచినది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, వాపసు తీసుకొని సొమ్ము ఇయ్య నిరాకరించుట అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇయ్యకపోవుటయు అట్టిదే. నచ్చలేదని తెచ్చిన మంచి సరుకునకు ఇది వర్తింపదు. లోపమున్నదానికి మాత్రము గోడమీది బల్ల అడ్డురాదు.

సంతలో బిల్లు వ్రాయువా డెవడు? 30 దినములనగా అక్కడ నాలుగు సంతలు. అమ్మినవాడు ఆ నాలుగింటిలో ఒకదానికైనను అదే చెట్టుక్రింద మూట విప్పవలెను. అందాక కుండ కొనువారు తట్టి చూచియే కొందురు.